ఎత్తు తెలియని కాటా

మా అత్తగారింట్లో కంటిని నమ్మరు, మాటను నమ్మరు, కాటాను నమ్ముతారు. చిత్తూరులో వాళ్ళది బెల్లం మండీ. ముందువైపు మండీ, వెనకవైపు ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు మూయగా నేనెప్పుడూ చూడలేదు. బెల్లం వాసన వంటింట్లోకీ, తాలింపు వాసన మండీలోకీ తిరుగుతూ ఉంటాయి. ఈగలకు రెండిళ్ళూ సమానమే.

శుక్రవారం పొద్దున్నే కాటాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగిస్తారు. తొలి తూకం మాత్రం బెల్లానిది కాదు, ఇంటి బిడ్డది. బిడ్డను తూచి మొదలుపెడితే వారమంతా మండీ నిండుగా ఉంటుందని వాళ్ళ నమ్మకం. మా ఆయన మునికృష్ణ అలా తూగి తూగి పెరిగినవాడే. తర్వాత మా కూతురు వకుళ వంతు వచ్చింది. "పోయిన వారం కంటే అర్ధకేజీ ఎక్కువుండాది" అని మా అత్త చంద్రకాంతమ్మ వీధి చివరికి వినపడేలా చెప్పేది. బండి దింపుకుంటున్న రైతులు "బిడ్డ బాగా ఒళ్ళు చేసింది తల్లీ" అనేవాళ్ళు. ఆ మాటకు మా అత్త మురిసిపోయేది, ఆ వెంటనే దిష్టి తీసేది.

నేను వడమాలపేటలో సేద్యం చేసుకునేవాళ్ళ పిల్లను. మా ఇంట్లో అందరం సన్నటి చింతబరికెలమే. పెళ్ళయి వచ్చిన మొదటి శుక్రవారం మా అత్త నన్ను కూడా కాటా ఎక్కించి, "ఏమే భారతీ, మీ యమ్మ నీకు అన్నం పెట్టిందా, వాసన సూపించిందా?" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు ఒళ్ళు మండింది. ఇంతకూ ఆమెదీ నా ఒళ్ళే. ఎండుమిరపకాయలా ఉంటుంది. అందరికీ కొసరి కొసరి వడ్డించి, చివర్లో గిన్నెలో మిగిలిన మాడు గోక్కుని తింటుంది.

ఆమెను అనీ లాభం లేదు. కరువులో పెరిగిన మనిషి. చిన్నప్పుడు గంజి పోసేచోట ఆకుదొప్ప పట్టుకుని నిలబడిందట. ఆమె చెల్లెలు ఒకతె ఆ కరువులోనే పోయింది. అలాంటి మనిషి కంటికి బొద్దుగా ఉన్న బిడ్డ ఒక్కటే బతికిన బిడ్డ. పైగా మా వకుళ నెలలు నిండకుండా పుట్టింది. మా అత్త వడమాలపేటకు వచ్చి, చేటలో గుడ్డల మధ్య ఉన్న పిడికెడు పిల్లను చూసి, కొండవైపు తిరిగి చేతులు జోడించింది. "స్వామీ, దీన్ని నాకు నిలబెట్టు. పదేండ్లు నిండినాక దీనంత తూకం బెల్లం నీకిచ్చుకుంటా" అని మొక్కుకుంది. ఆ రోజు నేనూ ఆమె పక్కనే చేతులు జోడించాను. ఆ మొక్కుకు నాకే అభ్యంతరమూ లేదు.

అభ్యంతరమల్లా తర్వాత జరిగినదానికే. బిడ్డ నిలబడింది, నడిచింది, బడికి పోయింది, అయినా మా అత్త కంట్లో ఆ చేటలోని పిల్ల పోలేదు. పొద్దున నేతి పొంగలి, బడినుంచి రాగానే నువ్వులుండ, అన్నం తిన్నాక బెల్లం ముక్క. వీధిలో ఆడుకుంటే ఎండకు కందిపోతుంది, పరుగెడితే చిక్కిపోతుంది. జ్వరం వచ్చి తూకం తగ్గిన వారం ఇంట్లో మైల పట్టినట్టు ఉండేది. నేను ఏమైనా అంటే, "తిండి దగ్గర లెక్కలు పెట్టొద్దు, మాది అన్నం పెట్టే ఇల్లు" అనేది. మా ఆయన తలూపేవాడు, నోట్లో ఏదో ఒకటి ఉండేది కాబట్టి మాట్లాడేవాడు కాదు. తిండికి తిమ్మరాజు అని నేను ముఖానే అనేదాన్ని. అదీ నవ్వుతూ మింగేవాడు.

నా బాధ తిండి గురించి కాదు. మండీ గోడకు మా మామ మునివెంకటప్ప ఫోటో ఉంది. నేను ఆయన్ను చూడలేదు. నిండైన మనిషి, ఫోటో చట్రం చాలనట్టు ఉంటాడు. నలభై దాటీ దాటకముందే ఒకరోజు మండీలో బస్తాల మీద కూర్చుని, ఎడమ చెయ్యి లాగుతోందని చెప్పి, మంచినీళ్ళు అడిగి, ఆ నీళ్ళు వచ్చేలోపల పోయాడట. డాక్టరు గుండె ఆగిందన్నాడు. ఇంట్లోవాళ్ళు దిష్టి తగిలిందన్నారు. "అంత నిండుగా ఉంటే ఊరి కండ్లు ఊరకుంటాయా" అని మా అత్త ఎప్పుడూ అనేది. నాకా మాట గొంతు దిగేది కాదు. మా ఆయనకు ముప్పై అయిదు దాటాయి. మిద్దె ఎక్కాలంటే మధ్యలో ఆగి, ఆకాశం చూస్తున్నట్టు నటిస్తాడు. వకుళ పదో ఏటికే మెడ కనిపించకుండా అయింది. తాత, కొడుకు, మనవరాలు ఒకే అచ్చులో పోసిన బెల్లం ముద్దల్లా ఉన్నారు. మొదటి ముద్ద ఏమైందో గోడ మీద రోజూ కనిపిస్తూనే ఉంది. మిగిలిన ఇద్దరికీ అదే గతి పడుతుందేమోనని నాకు భయం. ఆ భయం ఎవరితో చెప్పినా అపశకునం పలికినట్టవుతుందని చెప్పలేదు.

డెబ్బై తొమ్మిదిలో వకుళకు పదేళ్ళు నిండాయి. మొక్కు తీర్చడానికి తిరుపతి వచ్చి సత్రంలో దిగాం. స్వామికిచ్చే బెల్లాన్ని మా అత్త మండీలో తన చేత్తో ఏరి, పరీక్ష చేసి, కొత్త గోతంలో కట్టించింది. మొక్కున్నవాళ్ళు నడిచే ఎక్కాలని ఆమె పట్టు. గోతాన్ని బస్సులో తెస్తానని మా ఆయన తప్పించుకున్నాడు. ఆ బెల్లం గోతం ఆయనకు ఆ రోజు దేవుడే పంపినట్టు వచ్చింది.

అలిపిరి దగ్గర మేం ముగ్గురం ఆడవాళ్ళం మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి బయలుదేరాం. మా అత్త గోవిందలు చెప్పుకుంటూ మేకపిల్లలా ఎక్కుతోంది. వకుళ మొదట హుషారుగా నాలుగు మెట్లు దూకింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. తర్వాత నా చెయ్యి లాగింది. గాలిగోపురం ఇంకా తలెత్తి చూసేంత పైన ఉండగానే మెట్టు మీద కూలబడింది. ముఖం కందిపోయింది, పెదాలు పాలిపోయాయి. అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, "అమ్మా, ఈడ దడదడ అంటా ఉండాది. ఆగనంటా ఉండాది" అంది.

నా కళ్ళ ముందు ఫోటోలోని మనిషి కనిపించాడు. మా అత్త కొంగుతో విసురుతూ, నడుముకు కట్టుకున్న చిక్కం సంచి విప్పి బెల్లం ముక్క తీసింది. "నోట్లో ఏసుకో తల్లీ, సత్తువ వస్తాది" అని బిడ్డ పెదాల దాకా తెచ్చింది. నేను ఆ ముక్కను ఆమె చేతిలోంచి లాగి విసిరేశాను. అది మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. మా అత్త ఆ బెల్లం పోయినవైపే చూసింది. ఎంతోసేపటికి బిడ్డ ఊపిరి కుదుటపడింది. ఒక్కొక్క మెట్టే కూర్చోబెడుతూ దించి సత్రానికి తెచ్చాం. మా ఆయన ఇంకా బస్సు ఎక్కనే లేదు.

సత్రం గుమాస్తా ఒక పిల్లల డాక్టరు పేరు చెప్పాడు. శాంతయ్య అని, ఇంటి ముందరి గదిలోనే చూస్తాడు. నెరిసిన జుట్టు, తొందర లేని మనిషి. వకుళ గుండె మీద గొట్టం పెట్టి ఎంతోసేపు విన్నాడు. చేతికి చిన్న పట్టీ చుట్టి బీపీ చూశాడు. బరువు తూచాడు. ఆ తర్వాత చెప్పులు విప్పించి, గోడకు కొట్టిన కొలబద్ద కింద నిలబెట్టి, తల మీద చెక్క ఆనించి ఎత్తు కొలిచాడు. బిడ్డ పుట్టాక ఎత్తు కొలవడం నేను చూడడం అదే మొదలు.

"ఎత్తు యాల సామీ? దడ గుండెలో గదా" అంది మా అత్త.

"మీకేమి వ్యాపారమమ్మా?"

"బెల్లం మండీ."

"అయితే బరువు మీకు బాగా తెలుస్తాది. ఈ బిడ్డ నలభై అయిదు కేజీలు. పదారేండ్ల పిల్లయితే నేను శభాష్ అని పంపించుందును. ఎత్తేమో నాలుగడుగుల మూడంగుళాలు. ఈ ఎత్తుకు ముప్పై లోపలే ఉండాల. బిడ్డల్ని తూకం ఒకటే చూసి చెప్పలేమమ్మా, రెండూ పక్కపక్కన పెట్టి చూడాల."

"మా కాటాకు ఎత్తు తెలీదు సామీ" అంది మా అత్త. ఎదురు చెప్పడం కాదు, నిజంగానే అంది.

ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు, చక్కెర ఉన్నాయా అని డాక్టరు అడిగాడు. మా మామ సంగతి నేను చెప్పాను. దిష్టి అని చెప్పబోయిన మా అత్త, ఎందుకో ఆగిపోయింది. "గుండె చప్పుడు బాగానే ఉండాది. బీపీ మాత్రం వయసుకు కొంచెం ఎక్కువ. రేపు పొద్దున తొలి ఒంటేలు సీసాలో పట్టుకొని రండి, చక్కెర ఉందేమో చూస్తాం. పొడి సీసా కావాల. నీళ్ళచుక్క గూడా ఉండగూడదు" అన్నాడు డాక్టరు.

తెల్లవారి సత్రంలో సీసా ఎక్కడ దొరుకుతుంది? మా ఆయనే సంచిలోంచి మండీ పనికి వాడే చిన్న సీసా ఒకటి తీశాడు. కడిగిస్తానని నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. "కడిగితే తడి అయితాది. డాక్టరు పొడి సీసా అన్నాడు గదా. ఇది ఎండిపోయి కరకరలాడతా ఉండాది" అన్నాడు. జీవితంలో ఆయన ఒకరి మాట అక్షరాలా పాటించింది ఆ ఒక్కసారే.

డాక్టరు దగ్గర కాంపౌండరు సుబ్బన్న గాజు గొట్టంలో నీలం రంగు మందు పోసి, మేం తెచ్చిన మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాడు. నీలంగా ఉంటే చక్కెర లేనట్టు, రంగు మారితే ఉన్నట్టు అని ముందే చెప్పాడు. మేం నలుగురం ఆ గొట్టం వైపే చూస్తూ నిలబడ్డాం. నీలం పచ్చగా మారింది. పచ్చ పసుపయింది. చూస్తూ ఉండగానే ఇటుకరంగు తేలింది. సుబ్బన్న ముఖం ఎత్తి మమ్మల్ని చూడకుండా గొట్టాన్ని లోపలికి తీసుకుపోయాడు.

డాక్టరు బయటికి వచ్చి మళ్ళీ బిడ్డను చూశాడు. దాహం ఎక్కువా, రాత్రిళ్ళు లేస్తుందా, ఈ మధ్య చిక్కిందా అని అడిగాడు. అన్నిటికీ లేదనే చెప్పాం. "నాకు పొంతన కుదరలేదు. ఈ వయసులో చక్కెర వస్తే బిడ్డ ఎండిపోతాది. రేపు పరగడుపున రక్తం తీసి చూద్దాం. నేనింకా జబ్బు అనలేదు, బెదరొద్దండి" అన్నాడు. బెదరొద్దని డాక్టరు చెప్పాక బెదరనివాళ్ళెవరు? గూడూరులో మా ఆయనకు తెలిసిన నిమ్మకాయల వ్యాపారి ఒకాయన కొడుక్కు ఇలాగే చిన్నతనంలో చక్కెర వచ్చింది. రోజూ సూది. ఆ పిల్లవాడి తొడల మీద గుంటలు మా ఆయన కళ్ళారా చూశాడు. దారి పొడుగునా ఆయన బిడ్డ చెయ్యి వదల్లేదు.

సత్రానికి వచ్చాక వకుళ చాప మీద నిద్రపోయింది. నేనిక ఆపుకోలేకపోయాను. పదేళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"అత్తా, నీ మొగుడు నలభై ఏండ్లకే పోయినాడు. నీ కొడుకు మిద్దె ఎక్కలేడు. నా బిడ్డ నాలుగు మెట్లెక్కితే పడిపోయింది. వారం వారం తూచినారే, ఎవురికమ్మేదానికి తూచినారు? ఊరి కండ్లు కాదు, మన ఇంటి చేతులే దిష్టి" అన్నాను.

"భారతీ, సాలు" అన్నాడు మా ఆయన.

"సాలు కాదు. ఆ బిడ్డకేమన్నా అయితే మండీ తలుపు మూసి మా ఊరికి పోతా."

మా అత్త ఎదురు మాట్లాడితే బాగుండేది. పోట్లాడి ఉండేదాన్ని. ఆమె గోడకానుకుని కూర్చుని తన అరచేతులు చూసుకుంది. "నా చేత్తోనే పెట్టినా. ఆకలనక ముందే పెట్టినా" అంది మెల్లగా. కాసేపటికి మళ్ళీ తనలో తాను, "స్వామి బెల్లంలో ఏమన్నా దోషముండాదేమో. మడ్డి ఉన్న బెల్లం కట్టినామేమో. అందుకే మెట్లకాడనే ఆపినాడు" అంది. నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఇంత జరిగినా దోషం బెల్లంలో వెతుకుతోందని.

ఆమె కొడుకు వైపు తిరిగింది. "మునీ, బయలుదేరే ముందర దినం స్వామి బెల్లం కరగబెట్టి సీసాలో పోస్తినే, అది యాడ? అడుగున మడ్డి దిగిందేమో సూస్తా."

మండీలో బెల్లం మంచి చెడ్డలు అలాగే చూస్తారు. ముక్కను నీళ్ళలో చిక్కగా కరిగించి, సీసాలో పోసి నిలబెడతారు. పైన తేటగా ఉండి అడుగున మడ్డి తక్కువ దిగితే మంచి సరుకు.

"అది పారబోసినా గదమ్మా, తేటగానే ఉండె" అన్నాడు మా ఆయన.

"సీసా?"

"సంచిలో ఏసుకొచ్చినా."

"కడిగినావా?"

"కడగలా. ఊరికే ఎండబెట్టి..." అని ఆగిపోయాడు. ఆయన ముఖంలో రంగులు ఆ గాజు గొట్టంలో మారినట్టే మారాయి. "అమ్మా, పొద్దున బిడ్డకిచ్చింది ఆ సీసానే."

 మా అత్త అందరికంటే ముందు లేచింది. "అంటే సీసాలో ఉండిందే ఆడ ఎర్రబడిందా? బిడ్డది కాదా? లెయ్‌రా, లే" అంటూ కొడుకు భుజం పట్టి లాగింది. నిద్రపోతున్న వకుళను లేపి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచింది. ఎండకు రోడ్డు కాలుతోంది. ఆమెకు తెలియనే లేదు.

డాక్టరు భోజనం ముందునుంచి లేచి వచ్చాడు. సంగతంతా విని సుబ్బన్నను పిలిచి, పొద్దున మేమిచ్చిన సీసాను తెప్పించి, వెలుతురుకు పెట్టి చూశాడు. అడుగున తేనెరంగు పొర సన్నగా అంటుకుని ఉంది. పుల్లతో గీకితే పుల్లకు జిగురు అంటింది. అప్పుడు ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "పొడి సీసా అని చెప్తినే గానీ కడిగిన సీసా అని చెప్పలేదు. తప్పు నాదీ ఉండాది" అన్నాడు.

ఈసారి సుబ్బన్న తమ సీసాను మా ఎదురుగానే కడిగి, ఆరబెట్టి వకుళ చేతికిచ్చాడు. బిడ్డ సిగ్గుపడుతూ పెరట్లోకి పోయి వచ్చింది. మళ్ళీ గాజు గొట్టం, మళ్ళీ నీలం మందు, మళ్ళీ దీపం. మందు బుడబుడ ఉడికింది. నీలంగానే ఉంది. ఇంకా కాచాడు. నీలంగానే ఉంది. మా అత్త గొట్టానికి మూర దూరంలో ముఖం పెట్టి, "ఇంగా సేపు కాచప్పా" అంది. సుబ్బన్న ఇంకాసేపు కాచాడు. "ఎంత కాచినా ఇంతేనమ్మా, చక్కెర లేదు" అన్నాడు.

నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళను చూసి నవ్వుతారు గానీ, ఆ ఎలుక కూడా లేదని తెలిసినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. నీలం రంగు అంత చల్లగా ఉంటుందని అంతవరకు నాకు తెలియదు. మా ఆయన బయటికి పోయి, అరుగు మీద నిలబడి, ఊరికే ఎండలోకి చూస్తూ నవ్వుకుంటున్నాడు. వకుళ మాత్రం, "అమ్మా, నాది తీపిగా ఉండాదని ఎందుకనుకున్నారు?" అని అడిగింది. 

"రేపు రక్తం గూడా చూద్దాం, మీ నిమ్మళానికి" అన్నాడు డాక్టరు. "నాకైతే అనుమానం లేదు."

"అయితే బిడ్డకేమీ లేదు గదా సామీ. ఇంగ పోయి కడుపునిండా..." అని మా అత్త అలవాటుగా మొదలుపెట్టింది.

"కూర్చోండమ్మా" అన్నాడు డాక్టరు. గొంతులో నవ్వు పోయింది. "గుండె బాగుండాది, చక్కెర లేదు. అది ఈ దినం మాట. మెట్లు ఎక్కలేకపోయింది జబ్బు వల్ల కాదు, తన బరువు తానే మొయ్యలేక. ఎత్తుకు మించిన బరువు చిన్నప్పుడే వచ్చి అట్లనే నిలబడిపోతే, పెద్దయినాక బీపీ, చక్కెర, గుండెజబ్బు మూడూ ఆ దారినే వస్తాయి. మీ ఇంట్లో తాతకు గుండె పోయింది కాబట్టి మీరు ఇంగా జాగ్రత్తగా ఉండాల. బీపీ ఇప్పుడే కొంచెం పైకి చూస్తా ఉండాది గదా."

"అయితే బిడ్డను మాడ్చాలా?" అంది మా అత్త.  గంజికి దొప్ప పట్టుకున్న పిల్ల అడిగినట్టే అడిగింది.

"వద్దు. మాడ్చేది ఎప్పుడూ వద్దు" అన్నాడు డాక్టరు తొందరగా. "బరువు తగ్గాల్సిన పని గూడా లేదు. ఉన్నచోటనే నిలబెట్టండి సాలు. సంగటి, పప్పు, ఆకుకూర, మజ్జిగ, అన్నీ పెట్టండి. బెల్లం, నెయ్యి పండగలకు. సాయంత్రం వీధిలోకి తోలండి. ఎదిగే బిడ్డ. ఎత్తు పెరుగుతా వచ్చి, రెండు మూడేండ్లలో బరువును అందుకుంటాది. పెద్దోళ్ళకు ఆ వరం లేదు, బిడ్డలకు ఉండాది."

"వీధిలో ఆడుకోవచ్చా?" అంది వకుళ. ఇంతసేపటికి ఆ బిడ్డ ముఖం వెలిగింది. "తొక్కుడుబిళ్ళ గూడానా?"

"మందు చీటీలో అదే రాస్తా" అన్నాడు డాక్టరు.

 తిండి తగ్గించమని చెప్పి ఉంటే మా అత్త ఒప్పుకునేది కాదని నాకు తెలుసు. బరువు ఆగి ఎత్తు రావాలనేసరికి ఆమెకు అర్థమయింది. చివరికి నా వైపు తిరిగి, "మొక్కు రేపు తీర్చేద్దాం, బస్సులో పోదాం. ఎంత తూగితే అంత. నేను స్వామిని బిడ్డను ఇమ్మనే అడిగినా గానీ బరువిమ్మని అడగలేదు గదా" అంది. శుక్రవారం తూకం సంగతి అడగబోయి ఊరుకున్నాను. అన్నీ ఒకే రోజు అడగకూడదు.

లేచి వచ్చేద్దామనుకున్నాం. మా అత్త లేవలేదు. డాక్టరు ముఖంలోకి చూస్తూ, "సామీ, ఒగ మాట. మా ఇంటాయన పోయినపుడు డాక్టరు గుండె అన్నాడు, నేను దిష్టి అన్నా. ఇరవై ఏండ్లుగా అట్లనే అనుకుంటా ఉండా. అది దిష్టి కాదా?" అని అడిగింది.

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆయన్ను నేను చూడలేదమ్మా. చూడని మనిషి గురించి చెప్పకూడదు. అయితే ఎడమ చెయ్యి లాగిందని మీ కోడలు చెప్పింది. దిష్టికి చెయ్యి లాగదు."

మా అత్త తలూపింది. ఆ తర్వాత ఆమె చూపు వాకిలి మీదికి పోయింది. అక్కడ మా ఆయన అరుగు దిగి పైకి ఎక్కి, గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. చొక్కా గుండీల మధ్య బనియన్ కనిపిస్తోంది. ఆమె అంత నిదానంగా కొడుకును చూడడం నేనెప్పుడూ చూడలేదు. లేచి పోయి, ఆయన చెయ్యి పట్టుకుని, బడికి రానన్న పిల్లవాణ్ణి లాక్కొచ్చినట్టు లాక్కొచ్చి గోడకు కొట్టిన కొలబద్ద కింద నిలబెట్టింది.

"వీడ్ని గూడా సూడు సామీ."

"నేను పిల్లల డాక్టరునమ్మా" అన్నాడు శాంతయ్య.

"నాకు బిడ్డే గదా."

 సుబ్బన్న నవ్వు ఆపుకుంటూ తల మీదికి చెక్క దించాడు. మా ఆయన సిగ్గుతో కడుపు లోపలికి లాక్కుంటే, "నాయనా, ఊపిరి బిగపట్టొద్దు" అని వకుళ హెచ్చరించింది. కాటా ఎక్కించారు. కాటా ముందు ఎప్పుడూ గర్వంగా నిలబడే మా అత్త ఈసారి అంకె అడగలేదు. చేతికి పట్టీ చుట్టి డాక్టరు గాలి కొట్టాడు. పాదరసం పైకి పోయింది, మెల్లగా దిగసాగింది. నేను చెప్పుకోలేని భయమంతా ఆ గాజు గీతలో ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాను. ఆయన మళ్ళీ ఒకసారి గాలి కొట్టి, మళ్ళీ విన్నాడు.

"బీపీ ఎక్కువే ఉండాది" అన్నాడు. "బాగానే ఎక్కువ. పెద్దోళ్ళ డాక్టరు నా స్నేహితుడొకడున్నాడు, చీటీ రాసిస్తా, రేపే పోండి. మాత్రలు వేసుకోవాల, నడవాల, నోరు కట్టుకోవాల. గుండెకు ఇంగా దెబ్బ తగిలినట్టు లేదు. వేళకు వచ్చినారు."

మా ఆయన నోరు తెరిచి ఏదో తమాషా చెప్పబోయాడు. నా ముఖం చూసి మానుకున్నాడు. నేను దగ్గరికి పోయి ఆయన చొక్కా గుండీలు పెట్టాను.  పదేళ్ళుగా నేను ఒక్కదాన్నే మోసిన మాట ఇప్పుడు డాక్టరు నోటి నుంచి వచ్చింది. దానికి మాత్రలు ఉన్నాయి, నడక ఉంది, దారి ఉంది.

మా అత్త వెనకనుంచి వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆయనకు నీళ్ళు తెచ్చేలోపలే పాయె. వీడికి వేళకు వచ్చినామంటనే భారతీ" అంది. మా మామ పోయిన రోజు కూడా ఆమె ఏడవలేదట, మండీ తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు చాపలు వేసిందట. ఆ పిల్లల డాక్టరు గదిలో, నా భుజం మీద తల పెట్టుకుని, నిమ్మళంగా ఏడ్చింది. మేమెవరమూ ఆపలేదు.